ఇంట్లో బీరు తయారీకి తొలి కిట్: సామాను నమ్మదగినది, సూచనల కాగితం కాదు

ఇంట్లో బీరు తయారు చేసుకోవాలనుకునేవారికి కావలసినవన్నీ ఒకే పెట్టెలో సర్ది అమ్మే కిట్లు చాలా రకాలున్నాయి. పెట్టె మీది పేరు మారినా లోపలి సరుకు మాత్రం దాదాపు ఒకటే: కుళాయి బిగించిన 30 లీటర్ల ప్లాస్టిక్ ఫర్మెంటర్ (పులియబెట్టే పాత్ర), దాని మూతలో అమర్చే ఎయిర్‌లాక్, ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటరు, పాత్రకు అంటించే థర్మామీటరు పట్టీ, సీసాలు నింపే గొట్టం, మూతలు బిగించే క్యాపరు, కొన్ని మూతలు, శుభ్రపరిచే పొడి, పంచదార కొలిచే చెంచా. వీటితోపాటు హాప్స్ (బీరుకు చేదు, పరిమళం ఇచ్చే పువ్వులు) చేదు ముందే కలిపిన 1.7 కిలోల మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తిన బార్లీ నుంచి తీసిన చిక్కని పాకం) డబ్బా, దాని మూత కింద పులియబెట్టే సూక్ష్మజీవి అయిన ఈస్ట్ చిన్న పొట్లం ఉంటాయి. ఒక విడతకు 23 లీటర్ల బీరు రావాలన్నది లెక్క. నేను వాడుతున్నది ఈ తరహా కిట్టే. అందులోని ఒక్కొక్క వస్తువు ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ నిరాశపరుస్తుందో, దానికి మనం ఏం చేసుకోవాలో వివరంగా రాస్తున్నాను.

ముందే తేల్చి చెప్పాలంటే, ఈ కిట్‌లోని పాత్రలూ పరికరాలూ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తాయి. మాల్ట్ డబ్బా ఫరవాలేదు. ఈస్ట్ పొట్లం చాలదు. సూచనల కాగితం మాత్రం కొత్తవారిని నేరుగా తప్పుదారి పట్టిస్తుంది. ఇంటి బీరు నచ్చక రెండో విడత జోలికి పోనివారి కథ వింటే, చాలావరకు ఆ కాగితంలో ఉన్నది ఉన్నట్టు పాటించడం దగ్గరే తేడా వచ్చిందని తెలుస్తుంది. అందుకే ఈ సమీక్షలో దాని లోపాలకే ఎక్కువ చోటు పోయింది.

కొనేముందు చట్టం సంగతి చూసుకోవడం తప్పనిసరి. బ్రిటన్ 1963లో ఇంటి బీరుకు లైసెన్సు అవసరాన్ని తొలగించింది. అమెరికాలో 1978లో చేసిన చట్టం స్వంత వాడకానికి, పరిమిత పరిమాణంలో, పన్ను లేకుండా తయారు చేసుకోనిచ్చింది. అలాగని అన్నిచోట్లా ఈ వెసులుబాటు లేదు. అనుమతి లేకుండా పులియబెట్టడమే నేరమయ్యే ప్రాంతాలు ఉన్నాయి. మీరున్న చోట నిబంధన ఏమిటో తెలుసుకున్నాకే డబ్బు పెట్టండి. బీరు పులియబెట్టడం వేరు, బట్టీ పెట్టి మద్యం దించడం వేరు. రెండోదాన్ని ఈ పరికరాలతో ఎవరూ ముడిపెట్టకూడదు.

సూచనల కాగితం చెప్పేది ఇంతే. డబ్బాలోని పాకాన్ని మరిగిన నీటిలో కలపండి, కిలో పంచదార చేర్చండి, చన్నీళ్లు పోసి 23 లీటర్లకు తీసుకురండి, ఈస్ట్ చల్లి మూత పెట్టండి, ఐదారు రోజుల్లో బుడగలు ఆగగానే సీసాల్లో నింపండి, మరో వారానికి తాగండి. ఉష్ణోగ్రత 18 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే చాలన్నది ఒక ముక్క, పాత్రలను పొడితో కడగమన్నది మరొక ముక్క. ఇలా చేసినా ఏదో ఒక పానీయం తయారవుతుంది, కాదనను. కానీ బీరు రుచి ఎలా ఉండాలో నిర్ణయించే మూడు విషయాలను, అంటే పాత్రల శుభ్రతను, పులిసేటప్పటి వేడిని, పులియడం నిజంగా ముగిసిందని తేల్చుకునే పద్ధతిని, ఆ కాగితం రెండు వారాల్లో బీరు చేతికందుతుందని చెప్పుకోవడం కోసం పక్కకు నెట్టేసింది.

ఇక వస్తువుల విషయానికొస్తే, ఫర్మెంటర్ బాగుంది. 23 లీటర్ల ద్రవానికి 30 లీటర్ల పాత్ర ఇవ్వడంలో ఆలోచన ఉంది. పులియడం జోరందుకున్నప్పుడు పైన మందపాటి నురుగు లేస్తుంది. దానికి ఆ పై ఖాళీ అవసరం. ఆహారానికి పనికివచ్చే ప్లాస్టిక్‌తో చేసిన ఈ పాత్రకు ఉన్న ఒకే శత్రువు గీత. పీచుతోనో గరుకు బ్రష్‌తోనో రుద్దితే లోపలి గోడ మీద సన్నని గీతలు పడతాయి, ఆ గీతల్లో చేరిన బ్యాక్టీరియాను ఏ మందూ పూర్తిగా తీయలేదు. మెత్తని గుడ్డతో తుడవడం, మొండి మరకలుంటే క్లీనర్ ద్రావణంలో రాత్రంతా నానబెట్టడం మంచి పద్ధతి. పాత్రలో మరే వస్తువూ నిలవ చేయకూడదు. ప్లాస్టిక్ వాసనలను పట్టేసుకుంటుంది.

కుళాయి దగ్గర మాత్రం జాగ్రత్తపడాలి. పైకి అది ఒకే ముక్కలా కనిపిస్తుంది. నిజానికి అది రెండు ముక్కలు: బయటి గొట్టం, దాని లోపల తిరిగే బిరడా. వేడి నీళ్లలో కాసేపు ఉంచి లోపలి ముక్కను వేలితో వెనుక నుంచి గట్టిగా నెడితే ఊడి వస్తుంది. ఒక విడత అయిపోయాక అలా ఊడదీసి చూస్తే, రెండు ముక్కలకూ మధ్య జిగురుగా, గోధుమరంగులో ఒక సన్నని వలయం కనిపిస్తుంది. తీపి ద్రవం అక్కడికి చేరి ఎండిపోయిన జాడ అది. పైపైన ఎన్ని నీళ్లు పోసి కడిగినా ఆ వలయం కదలదు, వచ్చే విడతలో బీరంతా దాని మీదుగానే సీసాల్లోకి దిగుతుంది. ఫర్మెంటర్‌లో ఉన్నంతకాలం బాగున్న బీరు సీసాల్లోకి చేరాక పుల్లబడుతోందని చెప్పేవారు మొదట చూడవలసినది ఈ కుళాయినే. ప్రతి విడతకూ దాన్ని విప్పాలి, మర చుట్లు కూడా కడగాలి, తిరిగి బిగించి నీళ్లు పోసి కారడం లేదని చూసుకోవాలి. కాగితంలో దీని ప్రస్తావనే లేదు.

శుభ్రత విషయంలో కిట్ ఇచ్చినది ఒకే ఒక పొడి. అది క్లీనరు, దాన్నే శానిటైజరుగా కూడా చూపించడం సరికాదు. కంటికి కనిపించే మురికిని తొలగించడం క్లీనరు చేసే మొదటి పని, కంటికి కనబడని సూక్ష్మజీవుల సంఖ్యను హాని చేయలేనంతగా తగ్గించడం శానిటైజరు చేసే రెండో పని. మొదటిది సరిగ్గా జరగకపోతే రెండోది జరగదు, ఎందుకంటే శానిటైజరు మురికి పొరను చీల్చుకుని లోపలికి పోలేదు. క్లీనరుగా సోడియం పెర్‌కార్బొనేట్ ఉన్న పొడులు చక్కగా పనిచేస్తాయి. వాడాక బాగా కడగాలి. శానిటైజరుగా ఫాస్ఫారిక్ ఆమ్లం ఆధారంగా చేసిన, కడగనవసరం లేని ద్రవాన్ని విడిగా కొనుక్కోమని నా గట్టి సలహా. లీటరు నీటికి సుమారు ఒకటిన్నర మిల్లీలీటర్లు కలిపితే చాలు. ఉపరితలం ఒకటి రెండు నిమిషాలు తడిగా ఉండాలి, ఆ తర్వాత ఆరబెట్టనక్కర్లేదు. దాని నురుగును చూసి కంగారుపడి నీళ్లతో కడిగేస్తే చేసిన పని వృథా అవుతుంది. సీసా మూతలు, గొట్టాలు, కత్తెర, ఈస్ట్ పొట్లం చింపే చోటు, ఇలా చల్లారిన ద్రవాన్ని తాకే ప్రతిదీ ఈ ద్రావణంలో తడవాలి. స్ప్రే సీసాలో కొంత పోసి పక్కన పెట్టుకుంటే పని సులువవుతుంది.

ఇంట్లో ఉండే బ్లీచింగ్ ద్రవంతో సరిపెట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. సరిపెట్టుకోకపోవడమే మంచిది. కడిగినా క్లోరిన్ లవలేశం మిగిలితే, అది మాల్ట్‌లోని ఫినాల్ పదార్థాలతో కలిసి క్లోరోఫినాల్స్ ఏర్పడతాయి. వాటి మందుల వాసన అతి స్వల్ప పరిమాణంలోనే నాలుకకు తెలిసిపోతుంది, ఎన్ని నెలలు నిలవ ఉంచినా పోదు. కుళాయి నీటిలోని క్లోరిన్‌కూ ఇదే వర్తిస్తుంది. నీటిని మరిగించి చల్లారిస్తే క్లోరిన్ పోతుంది కానీ, దానికి బదులు క్లోరమైన్ అనే రసాయనం వాడే చోట మరిగించడం ఒక్కటే చాలదు. అలాంటప్పుడు పొటాషియం మెటాబైసల్ఫైట్ ఉండే క్యాంప్‌డెన్ బిళ్లలో చిన్న ముక్క పని పూర్తి చేస్తుంది; ఒక బిళ్ల సుమారు 75 లీటర్ల నీటికి సరిపోతుంది.

మాల్ట్ డబ్బా గురించి. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజల నుంచి తీసిన తీపి ద్రవాన్ని చిక్కబరిచి, హాప్స్ చేదు కలిపి డబ్బాలో నింపుతారు. గింజను దంచడం, 65 డిగ్రీలకు అటూ ఇటూ వేడి నీటిలో నానబెట్టి పిండిని చక్కెరలుగా మార్చడం, వడకట్టడం, హాప్స్‌తో గంటసేపు మరిగించడం, ఇదంతా తయారీదారులే చేసి ఇవ్వడం వల్ల మొదటిసారి చేసేవారికి కొండంత పని తప్పుతుంది. దీనిని తక్కువ చేసి చూడనవసరం లేదు. తాజా డబ్బాతో, మంచి ఈస్ట్‌తో చేసిన బీరు మర్యాదగానే ఉంటుంది. కాకపోతే తాజాదనం ముఖ్యం. ద్రవరూప ఎక్స్‌ట్రాక్ట్ నిలవ ఉన్న కొద్దీ రంగు ముదురుతుంది, రుచిలో మాగిన వాసన చేరుతుంది. గడువు తేదీ ఎంత దూరంలో ఉందో చూసి కొనాలి, ఉబ్బిన డబ్బా తీసుకోకూడదు.

కాగితం చెప్పే కిలో పంచదారతో మాత్రం నేను ఏకీభవించను. పంచదార మొత్తం ఆల్కహాలుగా మారిపోతుంది, బీరుకు ఒంట్లో పస ఉండదు. నోట్లో నీళ్లగా, పలచగా తగులుతుంది. దాని స్థానంలో కిలో పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ వేస్తే తేడా మొదటి గుక్కలోనే తెలుస్తుంది: నురుగు నిలుస్తుంది, చేదుకు తోడుగా గింజల రుచి వస్తుంది. ఈ ఒక్క మార్పుకు అయ్యే అదనపు ఖర్చు సమర్థించదగినది. పొడి మాల్ట్‌ను మరుగుతున్న నీటి ఆవిరి మీద ఒంపితే గడ్డకడుతుంది కాబట్టి ముందు చల్లని నీటిలో కలిపి, తర్వాత వేడి చేయాలి. డబ్బాను వేడి నీళ్లలో పావుగంట ఉంచితే పాకం జారుగా అవుతుంది, అడుగున అంటుకున్నది మరిగిన నీళ్లు కొద్దిగా పోసి తిప్పితే వచ్చేస్తుంది.

కలిపే ఘట్టంలో కాగితం దాటవేసిన ఇంకో లెక్క ఉంది. దాదాపు మరిగే వేడిలో ఉన్న 4 లీటర్ల ద్రవానికి 20 డిగ్రీల నీళ్లు 19 లీటర్లు పోస్తే, మొత్తం 33 డిగ్రీలకు దగ్గరగా తేలుతుంది. అది ఈస్ట్ వేయడానికి తగిన వేడి కాదు. అందుచేత కాచి చల్లార్చిన నీళ్లను ముందురోజే శుభ్రమైన మూత పాత్రల్లో ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. ఈస్ట్ వేయకముందు, ఇంకా పులియని మాల్ట్ ద్రవంగా (వోర్ట్‌గా) ఉన్న దశలో, నీళ్లను ఎత్తు నుంచి పోసి నురుగు వచ్చేట్టు చిలకడం మేలు చేస్తుంది, ఎందుకంటే ఈస్ట్ తన సంఖ్య పెంచుకునే తొలి గంటల్లో దానికి ఆక్సిజన్ కావాలి. ఈస్ట్ పని మొదలుపెట్టాక అదే ఆక్సిజన్ హాని చేస్తుంది. తడిసిన అట్టపెట్టె లాంటి వాసన బీరుకు దానివల్లే వస్తుంది.

ఈస్ట్ దగ్గరికి వచ్చేసరికి కిట్ బలహీనత బయటపడుతుంది. డబ్బా మూత కింద ఉన్న పొట్లం 5 నుంచి 7 గ్రాములుంటుంది. అది ఏ రకమో రాయరు, ఎంత ఎండలో ఎన్నాళ్లు గోదాముల్లో పడి ఉందో మనకు తెలియదు. 23 లీటర్లకు 11 గ్రాముల తాజా ఏల్ ఈస్ట్ (గది వేడిలో పులిసే ఏల్ రకపు బీరుకు వాడేది) ఉంటే నిశ్చింత. తక్కువ ఈస్ట్ వేస్తే పులియడం ఆలస్యంగా మొదలవుతుంది, ఆ ఆలస్యంలో ఇతర సూక్ష్మజీవులకు అదను దొరుకుతుంది, ఈస్ట్ కణాలు కూడా ఒత్తిడికి లోనై అనవసరమైన వాసనలు విడుస్తాయి. కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో 1883లో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి స్వచ్ఛమైన ఈస్ట్‌ను పెంచి చూపాక, బీరు తయారీశాలల్లో అదృష్టం మీద ఆధారపడిన పని ఒక పద్ధతికి వచ్చింది. ఆ స్వచ్ఛమైన ఈస్ట్ ఇప్పుడు 11 గ్రాముల పొట్లంలో చల్లగా నిలవచేసి దొరుకుతున్నప్పుడు, పేరులేని పొట్లాన్ని నమ్ముకోవలసిన అవసరం లేదు. కిట్‌తో వచ్చినదాన్ని పారేయనక్కర్లేదు. మరుగుతున్న నీటిలో వేస్తే చచ్చిన కణాలు కొత్త ఈస్ట్‌కు ఆహారమవుతాయి.

ఉష్ణోగ్రతే ఈ పని మొత్తానికి గుండెకాయ. ఏల్ ఈస్ట్‌లలో ఎక్కువ భాగానికి 18 నుంచి 22 డిగ్రీలు అనుకూలం. చల్లగా పులిసే లాగర్ రకపు బీరు ఈస్ట్‌కు 9 నుంచి 13 డిగ్రీలు కావాలి కనుక, ఫ్రిజ్ లేనివారు లాగర్ డబ్బా కొనడంలో అర్థం లేదు. కాగితం చెప్పిన 28 డిగ్రీల దగ్గర మామూలు ఏల్ ఈస్ట్ పులియకుండా ఉండదు, ఇంకా వేగంగానే పులుస్తుంది. కానీ ఘాటైన ఫ్యూజెల్ ఆల్కహాళ్లు, పండ్ల వాసననిచ్చే ఎస్టర్లు మోతాదు మించి పుడతాయి. గొంతులో మంట, నెయిల్ పాలిష్ లాంటి ఘాటు ఆ బీరులో మిగులుతాయి. మరచిపోకూడని సంగతి మరొకటి: పులియడం వేడిని పుట్టించే చర్య. జోరు మీదున్న రెండు మూడు రోజుల్లో పాత్ర లోపలి వేడి గది వేడికంటే 3 నుంచి 5 డిగ్రీలు ఎక్కువగా ఉండవచ్చు. గది 20 డిగ్రీలుంటే ద్రవం 24 కావచ్చు. అందుకే గోడ మీది థర్మామీటరు కాకుండా, కిట్ ఇచ్చిన పట్టీని ద్రవం మట్టానికి కింద అంటించి దాన్నే చదవాలి. ఆ పట్టీ చిన్న వస్తువే అయినా ఈ పెట్టెలో నాకు బాగా నచ్చిన వాటిలో ఒకటి.

గది వేడిగా ఉండేవారు ఫర్మెంటర్‌ను వెడల్పాటి తొట్టెలో నిలబెట్టి, సగం ఎత్తు వరకు నీళ్లు పోసి, పాత్ర చుట్టూ తడి గుడ్డ కట్టి, ఫ్యాను గాలి తగిలేట్టు పెడితే కొన్ని డిగ్రీలు తగ్గుతాయి. పొద్దున, సాయంత్రం గడ్డకట్టిన నీళ్ల సీసాలు ఒకటి రెండు ఆ తొట్టెలో మారుస్తుంటే ఇంకా నిలకడగా ఉంటుంది. ముఖ్యమైనవి మొదటి నాలుగు రోజులు. చాలా వాసనలు అప్పుడే పుడతాయి. చివర్లో ఒకటి రెండు డిగ్రీలు పెరిగినా నష్టం లేదు, పైగా వెన్న వాసననిచ్చే డైఎసిటైల్‌ను ఈస్ట్ తిరిగి తినేయడానికి ఆ వెచ్చదనం సాయపడుతుంది. వేడిని తగ్గించే దారే లేనివారికి నార్వే పల్లెల నుంచి వచ్చిన క్వైక్ ఈస్ట్‌లు ఉన్నాయి. 30 డిగ్రీలు దాటినా అవి చెడు వాసనలు లేకుండా పనిచేస్తాయి. వేడితో పోరాడి ఓడిపోవడం కంటే ఆ వేడిని ఇష్టపడే ఈస్ట్‌ను ఎంచుకోవడం తెలివైన పని.

ఎయిర్‌లాక్ చక్కగానే ఉంది. లోపలి వాయువును బయటికి పోనిచ్చి, బయటి గాలిని లోపలికి రానివ్వకపోవడం దాని పని. అందులో మామూలు నీళ్లకు బదులు శానిటైజర్ ద్రావణం పోయడం మంచిది. పాత్ర చల్లబడినప్పుడు ఆ ద్రవం లోపలికి పీల్చుకుపోయే అవకాశం ఉంది. అయితే బుడగలు పులియడానికి కొలమానం కావు. మూత కొద్దిగా వదులుగా ఉంటే వాయువు పక్క నుంచి పోతుంది, ఒక్క బుడగ కూడా రాకుండానే బీరు తయారైపోతుంది. అలాగే పులియడం ముగిశాక కూడా వేడి పెరిగితే ద్రవంలో కరిగిన వాయువు తేలి బుడగలు వస్తూనే ఉంటాయి. బుడగలు ఆగగానే సీసాల్లో నింపమన్న ఆ ఒక్క వాక్యం ఈ కాగితంలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది.

కొలవవలసినది హైడ్రోమీటరుతో. ఈ కిట్‌లో ఇచ్చిన గాజు హైడ్రోమీటరు సరిగ్గానే ఉంది, కానీ వాడకముందు ఒకసారి పరీక్షించుకోవాలి. 20 డిగ్రీల నీటిలో అది 1.000 చూపాలి, లోపలి కాగితం కాస్త జారి ఉంటే 0.998 అనో 1.002 అనో చూపవచ్చు. ఆ తేడాను గుర్తుంచుకుని ప్రతి కొలతలోనూ సవరించుకుంటే పరికరం మార్చనక్కర్లేదు. కుళాయి నుంచి కొద్దిగా బీరు పొడవాటి గొట్టంలో పట్టి, హైడ్రోమీటరును వేళ్లతో గిర్రున తిప్పి వదలాలి. లేకపోతే బుడగలు దాని ఒంటికి అంటుకుని పైకి తేలుస్తాయి. కళ్లను ద్రవం మట్టానికి తెచ్చి, గాజుకు ఎగబాకిన అంచును కాకుండా అడుగు గీతను చదవాలి. 20 డిగ్రీలకు తయారైన పరికరం 30 డిగ్రీల ద్రవంలో రెండు మూడు పాయింట్లు (ఒక పాయింటు అంటే 0.001) తక్కువ చూపుతుంది. కొలిచిన బీరును తిరిగి పాత్రలో పోయకూడదు. రుచి చూడండి, వాయువు లేకపోయినా బీరు ఏ దారిన పోతోందో అప్పుడే తెలుస్తుంది.

కిలో పొడి మాల్ట్‌తో చేస్తే, ఈస్ట్ వేసేముందు తీసే మొదటి కొలత 1.040కి అటూ ఇటూ ఉంటుంది, చివరి కొలత 1.010కి దగ్గరగా వస్తుంది. రెండింటి తేడాను 131.25తో గుణిస్తే ఆల్కహాలు శాతం వస్తుంది, ఇక్కడ 0.030ని గుణిస్తే సుమారు 3.9. రెండు మూడు రోజుల ఎడంతో తీసిన రెండు కొలతలు ఒకటే అయితే, అదీ ఊహించిన అంకెకు దగ్గరగా ఉంటే, పులియడం ముగిసినట్టు. సాధారణంగా ఇందుకు పది రోజులు పడుతుంది; రెండు వారాలు ఉంచితే ఈస్ట్ అడుగుకు దిగి బీరు తేటపడుతుంది, ఆకుపచ్చ ఆపిల్ వాసన ఉంటే అదీ తగ్గుతుంది. ఈ ఆగడం రుచి కోసమే కాదు. ఒక పాయింటు చక్కెర సీసాలో పులిస్తే బీరు ఘనపరిమాణంలో సగం దాకా వాయువు పుడుతుంది. నాలుగు పాయింట్లు మిగిలి ఉండగా సీసాలో నింపి, దానికి సీసాలో వాయువు పుట్టడానికి వేసే ప్రైమింగ్ పంచదార కూడా చేరిస్తే, సీసా తట్టుకోలేని ఒత్తిడి ఏర్పడి పగిలే ప్రమాదం ఉంది. గాజు ముక్కలు కళ్లకు తగిలితే ఏమవుతుందో చెప్పనవసరం లేదు. ఇంత తీవ్రమైన విషయాన్ని కిట్ తయారీదారులు పెద్ద అక్షరాల్లో రాయకపోవడం నాకు ఏమాత్రం నచ్చలేదు.

సీసాలు నింపే గొట్టం ఈ ధరల కిట్‌లలో ఆశించినదానికంటే బాగుంది. చివర ఉన్న చిన్న కవాటం సీసా అడుగుకు ఆనినప్పుడే తెరుచుకుంటుంది, ఎత్తగానే మూసుకుంటుంది. బీరు చిమ్మకుండా అడుగు నుంచి నిండుతుంది, గొట్టం తీశాక పైన మిగిలే ఖాళీ కూడా సరిగ్గా ఉంటుంది. ప్రైమింగ్ చెంచా మాత్రం పక్కన పెట్టేయవచ్చు. సీసాకు ఒక చెంచా చొప్పున వేస్తే ఒకదానిలో ఎక్కువ, ఒకదానిలో తక్కువ పడుతుంది. లీటరు బీరుకు 6 గ్రాముల పంచదార లెక్కన, అడుగు మడ్డి పోను మిగిలే 21 లీటర్లకు సుమారు 125 గ్రాములు తూచి, గ్లాసు నీటిలో మరిగించి చల్లార్చి, మరొక శుభ్రమైన పాత్రలో ముందుగా పోయాలి. దాని మీదికి బీరును గొట్టంతో చప్పుడు లేకుండా దింపితే అంతటా సమంగా కలుస్తుంది. ఇందుకు రెండో బకెట్టు కావాలి, కిట్‌లో అది లేదు. విడిగా కొనవలసిన వాటిలో శానిటైజరు, ఈస్ట్, పొడి మాల్ట్ తర్వాత నాలుగోది ఇదే.

రెండు చేతుల క్యాపరు మామూలు 26 మిల్లీమీటర్ల క్రౌన్ మూతలకు సరిపోతుంది. మెడ దగ్గర గట్టి ఉబ్బు ఉన్న బీరు సీసాలకే అది పట్టు దొరికించుకుంటుంది. మూత తిప్పి తీసే సీసాలకు, పలచని గాజుకు, వైన్ సీసాలకు వాడకూడదు. గోధుమరంగు సీసాలే ఎంచుకోండి. వెలుతురు తగిలితే హాప్స్ చేదు పదార్థాలు విరిగి దుర్వాసననిచ్చే గంధక సమ్మేళనం పుడుతుంది. ఆకుపచ్చ, తెల్ల గాజు దాన్ని ఆపలేవు. ఒక ప్లాస్టిక్ సోడా సీసాను కూడా బీరుతో నింపి గాజు సీసాల పక్కన పెట్టుకోవడం ఉపయోగకరం. వేళ్లతో నొక్కితే వాయువు ఎంతవరకు చేరిందో తెలుస్తుంది, రాయిలా బిగిసిపోతే మిగతావాటిని వెంటనే చల్లబరచాలన్న హెచ్చరిక కూడా అదే ఇస్తుంది. రెండు వారాలు 20 డిగ్రీల దగ్గర, చీకట్లో, అట్టపెట్టె లోపల ఉంచి, ఆ తర్వాత చల్లబెట్టాలి. అడుగున పలచని ఈస్ట్ పొర ఉంటుంది. సీసాను కదపకుండా ఒకే ఊపున గ్లాసులోకి ఒంపి, చివరి అంగుళం వదిలేయాలి.

ఇలా చేసిన బీరు ఎలా ఉంటుంది? రాగి రంగులో, కొద్దిపాటి మసకతో, బిస్కెట్టు వాసనతో, మధ్యస్థమైన చేదుతో ఉంటుంది. చేదు గొంతులో ఉంటుంది కానీ హాప్స్ పరిమళం ముక్కుకు అందదు. పరిమళ తైలాలు ఎక్స్‌ట్రాక్ట్‌ను చిక్కబరిచేటప్పుడే చాలావరకు ఎగిరిపోయి ఉంటాయి. ఆ లోటు తీర్చడానికి తేలికైన మార్గముంది: పులియడం ముగిసేవేళ, సీసాల్లో నింపడానికి మూడు రోజుల ముందు, లీటరుకు రెండు గ్రాముల చొప్పున కాస్కేడ్ వంటి సువాసన హాప్స్ గుళికలను నేరుగా పాత్రలో వేయాలి. నారింజ తొక్క లాంటి తాజా వాసన వస్తుంది. ఈ మాత్రంతో మాల్ట్ డబ్బాతో చేసిన బీరు స్థాయి ఒక మెట్టు పైకెక్కుతుంది.

ఆరోగ్యం గురించిన భయం చాలామందికి ఉంటుంది. మాల్ట్ పులిసినప్పుడు మిథనాల్ లేశమాత్రంగానే ఉంటుంది. విషపు మద్యం గురించి వినే వార్తలు కల్తీకి, అక్రమ బట్టీలకు సంబంధించినవి. ఆల్కహాలు, హాప్స్, ఆమ్లగుణం కలిసి ఉండే బీరులో రోగకారక క్రిములు సాధారణంగా బతకలేవు. పాడైన బీరు పుల్లగానో దుర్వాసనగానో ఉంటుంది. పైన రంగురంగుల బూజు కనబడితే మాత్రం ఆలోచించకుండా పారబోయండి.

మొత్తం మీద ఎవరు కొనవచ్చు, ఎవరు కొనకూడదు? 20 డిగ్రీల దగ్గర పాత్రను నిలబెట్టే చోటు, నాలుగైదు వారాలు ఆగే తీరిక ఉన్నవారు కొనవచ్చు. బజారు బీరుకంటే చవకగా పడుతుందన్న ఒక్క ఆశతో మాత్రం కొనకండి. శానిటైజరు, ఈస్ట్, పొడి మాల్ట్, రెండో బకెట్టు కలిపితే తొలి విడత చవక కాదు. గాజు ఫర్మెంటర్ ఉన్న ఖరీదైన కిట్‌కు పోవద్దు. నిండిన గాజు పాత్ర చేతి నుంచి జారితే ప్రమాదం, వెలుతురు సమస్య కూడా దానికి ఉంది. 23 లీటర్లు ఎక్కువనుకునేవారు 5 లీటర్ల చిన్న కిట్ చూస్తారు కానీ, శ్రమ రెండింటికీ ఒకటే. దానికి బదులు పెద్ద పాత్రలోనే 11 లీటర్లు చేసి, డబ్బాలో మిగిలిన పాకాన్ని గాలి తగలని శుభ్రమైన సీసాలో ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు వారాల్లోపు రెండో విడతకు వాడితే సరిపోతుంది.

రెండో విడతలో హాప్స్ కలపని మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కొని, రంగు, తీపి రుచి ఇచ్చే వేయించిన మాల్ట్ గింజలను (క్రిస్టల్ మాల్ట్) 300 గ్రాములు పలచని గుడ్డ సంచిలో కట్టి 65 నుంచి 70 డిగ్రీల నీటిలో అరగంట నానబెట్టి, హాప్స్‌ను మీరే గంటసేపు మరిగించి చూడండి. నానబెట్టే నీరు 77 డిగ్రీలు దాటితే పొట్టులోని వగరు దిగుతుంది, అది ఒక్కటి గమనించాలి. దానికి కొత్తగా కావలసింది పదిహేను ఇరవై లీటర్లు పట్టే స్టీలు గిన్నె మాత్రమే. ఫర్మెంటర్, హైడ్రోమీటరు, క్యాపరు, గొట్టం అన్నీ ఈ కిట్‌వే సరిపోతాయి.